చోటు ఇవ్వడం, చోటు వదులుకోవడం

కొన్నేళ్ళ కిందట ఒక అక్టోబర్ సాయంత్రం, మేమిద్దరం వేసుకున్న టెంటు మేమే విప్పుకుని చీకట్లో ఇంకో చోటు వెతుక్కుంటూ వెళ్ళాం. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, బెదిరించలేదు. పైగా సామాను ట్రక్కులోకి ఎక్కించడానికి సాయం కూడా చేశారు. ఆ సాయమే ఇప్పటికీ నన్ను సలుపుతోంది.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, బిగ్ హార్న్ కొండలు. పరిశోధన పని మీద అప్పుడు ఆ ప్రాంతంలో ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటావిడకు అరవై దాటాయి. భర్త పోయాక కూడా ఏటా ఎల్క్ వేటకు వెళ్తారు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక. ఒక్కటి దొరికితే చాలు, ఆవిడకు చలికాలమంతా మాంసానికి లోటుండదు. వేట ఆవిడకు సరదా కాదు, ఏడాది తిండికి ఏర్పాటు. నేను తుపాకీ పట్టను. వంటకీ తోడుకీ వెళ్ళాను.

వయోమింగ్‌లో దాదాపు సగం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, అంటే ప్రజలందరిదీ. జాతీయ అడవుల్లో చాలా భాగం ఎవరైనా వెళ్ళి టెంటు వేసుకోవచ్చు. టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు. ముందొచ్చిన వాళ్ళది ముందు. ఇన్ని రోజులకు మించి ఉండకూడదన్న పరిమితి మాత్రం ఉంటుంది, చాలాచోట్ల అది 14 రోజులు. సీజన్ మొదలవడానికి ముందు రోజు మధ్యాహ్నమే మేం చేరుకున్నాం. వాగు పక్కన చదునైన పచ్చిక, గాలికి అడ్డంగా చెట్లు, ఎవరో ఎప్పుడో రాళ్ళు పేర్చిన పొయ్యి. మనిషి జాడ లేదు. టెంటు వేసి, కట్టెలు ఏరి, ఎసరు పెట్టాం.

పొద్దుగూకే వేళకు రెండు ట్రక్కుల్లో నలుగురు మగవాళ్ళు వచ్చారు. పెద్దాయన టోపీ తీసి పలకరించాడు. "మీకు తెలియక వేసుకున్నట్టున్నారు, ఇది మా క్యాంపు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే దిగుతున్నాం. ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు" అన్నాడు. గొంతులో కోపం లేదు. కింద రోడ్డు దగ్గర ఇంకో చోటు ఉందని దారి కూడా చెప్పాడు. మా ఇంటావిడ ఒక్క నిమిషం ఆయన ముఖంలోకి చూసి, సరేనని టెంటు మేకులు పీకడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఏటవాలు నేల మీద పడుకుని ఆవిడతో గొడవపడ్డాను. చట్టం మనవైపు ఉంది కదా, ఎందుకు లేచామని అడిగాను. ఆవిడ చాలా మామూలుగా చెప్పారు: "అక్కడే ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేకుండా తెల్లవారుజామున తుపాకీ పట్టుకోను."

అంతకంటే వివరణ ఇవ్వలేదు. నాకు అక్కర్లేకపోయింది కూడా. చీకటి, నలుగురు మగవాళ్ళు, వాళ్ళ దగ్గర నాలుగు తుపాకులు. ఫోన్ సిగ్నల్ లేదు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, బహుశా మంచివాళ్ళే. కానీ వాళ్ళు మంచివాళ్ళా కాదా అని రాత్రంతా లెక్కవేసుకుంటూ మెలకువగా ఉండవలసింది మేమే కదా! 2016లో అమెరికా ప్రభుత్వం చేసిన సర్వేలో వేటాడే వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది మగవాళ్ళే. అడవి అందరిదీ అన్న మాట కాగితం మీద నిజం. పొద్దుగూకాక ఆ నిజం అందరికీ ఒకేలా ఉండదు.

సాహిత్యం చదువుకున్న దాన్ని కనుక వర్జీనియా ఊల్ఫ్ గుర్తొచ్చింది. 1929లో వచ్చిన పుస్తకంలో ఆమె కథకురాలు ఆలోచిస్తూ కాలేజీ పచ్చిక మీద నడిచిపోతుంటుంది. ఒక ఉద్యోగి అడ్డం వస్తాడు. పచ్చిక కాలేజీ ఫెలోలకూ స్కాలర్లకూ మాత్రమే, ఆడవాళ్ళకు కంకర దారి. ఆమె వాదించదు, దారిలోకి దిగిపోతుంది. ఆమెకు పెద్ద నష్టమేమీ జరగదు, అప్పుడే చిక్కబోతున్న ఒక ఆలోచన జారిపోతుంది, అంతే. మేం కూడా వాదించలేదు. మమ్మల్ని చూసిన వాళ్ళెవరైనా ఆ ఆడవాళ్ళు ఎంత మర్యాదగా చోటిచ్చారో అనుకుని ఉంటారు. మేం చేసింది మర్యాదా, భయమా? చిన్నప్పటి నుంచీ రెంటినీ కలిపే నేర్పితే, ఏది ఏదో విడదీసి చూసుకోవడం ఎలా?

ఆ నలుగురి వాదనను ఊరికే కొట్టిపారేయాలని నాకు లేదు. ఇరవై ఏళ్ళు ఒక చోటికి వచ్చినవాళ్ళకు ఆ చోటుతో ఒక బంధం ఉంటుంది. పొయ్యి రాళ్ళు వాళ్ళే పేర్చి ఉండొచ్చు. చెత్త మోసుకెళ్ళి ఉంటారు. ఆ పెద్దాయనకు అక్కడే తండ్రి వేట నేర్పి ఉండొచ్చు. శ్రమ కలిపిన దాని మీద హక్కు పుడుతుందని 17వ శతాబ్దంలో జాన్ లాక్ చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. కానీ ఆయనే ఒక షరతు పెట్టాడు. మిగతావాళ్ళకు కూడా తగినంత, అంతే మంచిది మిగలాలి. వాగు పక్కన చదును నేల కొండల్లో ఎన్ని ఉంటాయి? మాకు మిగిలింది ఏటవాలు నేల, రోడ్డు దుమ్ము.

అంతకు ఎంతో ముందు సిసిరో నాటకశాల పోలిక చెప్పాడు. నాటకశాల అందరిదీ, అయినా ఎవరు కూర్చున్న చోటు వాళ్ళదనడం న్యాయమే. నాకు ఈ పోలిక ఎక్కువ నచ్చుతుంది. కూర్చున్నంతసేపే ఆ చోటు నీది. నిరుడు కూర్చున్నానని ఈ ఏడు వచ్చి ఇంకొకరిని లేపలేవు.

మరి కూర్చోకుండా సీటు ఆపుకుంటే? మర్నాడు అడవి దారిలో వస్తుంటే అలాంటివి చాలా కనబడ్డాయి. మంచి చోట్లలో తాళం వేసిన ట్రైలర్లు, జిప్ వేసిన ఖాళీ టెంట్లు. సీజన్‌కు వారం ముందే తెచ్చి నిలిపి, ఇంటికి వెళ్ళిపోయి, అసలు రోజుకు తిరిగొస్తారట. చూడగానే నవ్వొచ్చింది. ఇది మన ఆర్టీసీ బస్సు కర్చీఫే! బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరితే ఆ సీటు మనదైపోతుంది. మా అన్నయ్య నా కోసం ఎన్నిసార్లు విసిరాడో. ఆ సీట్లో కూర్చుని, చంకలో బిడ్డతో నిలబడ్డ ఆవిడ వైపు చూడకుండా కిటికీలోంచి చూసిన రోజులు నాకూ ఉన్నాయి. కర్చీఫ్ విసరడానికి ఎత్తు కావాలి, చెయ్యి అందాలి, పరిగెత్తే అన్నయ్య ఉండాలి. ఖాళీ టెంటుకూ అంతే. రెండో బండి ఉండాలి, సెలవు ఉండాలి, ఇంట్లో పనులు చూసేవాళ్ళు ఉండాలి. ముందు రావడం అనేది కాలానికి సంబంధించిన విషయంలా కనబడుతుంది గానీ, దాని వెనక తీరిక ఉంది, తీరిక వెనక ఎవరో ఒకరి చాకిరీ ఉంది.

అమెరికా అటవీ నిబంధనల్లో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది. సౌకర్యాలున్న క్యాంపు స్థలాల్లో టెంటు వేసిన మొదటి రాత్రి కనీసం ఒక మనిషి అక్కడ పడుకోవాలి. అనుమతి లేకుండా 24 గంటలకు మించి సామాను వదిలి వెళ్ళకూడదు. వస్తువు మనిషికి బదులు కాదని చెప్పడమే ఇది.

కానీ అలా తేల్చేద్దామంటే మా వీధి కుళాయి అడ్డం వస్తోంది. మునిసిపల్ నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టేవాళ్ళు. బిందె ఖాళీ లేకపోతే ఒక రాయి పెట్టేవాళ్ళు. పొయ్యి మీద అన్నం ఉంది, పిల్లాడు ఏడుస్తున్నాడు, వెళ్ళి రావాలి. వరుస కదిలినప్పుడల్లా వెనకావిడ ఆ రాయిని కాలితో ముందుకు జరిపేది. అక్కడ వస్తువు మనిషికి బదులే! మరి ఆ రాయికీ ఖాళీ టెంటుకీ తేడా ఏమిటి? రాయిని కాపాడేది మిగతా ఆడవాళ్ళు. ఆమె ఎందుకు లేదో వాళ్ళకు తెలుసు. వంతు వచ్చేసరికి ఆమె రాకపోతే తర్వాతి బిందె నిండేది, ఆ వంతు తనదని ఆమె గోల పెట్టేది కాదు. రాయి ఆమె ఆస్తి కాదు, ఆమె అవసరానికి నలుగురు పట్టిన హామీ. ఖాళీ టెంటుకు అలా హామీ ఇచ్చినవాళ్ళు లేరు. అందరూ తప్పుకుని పోవాలని అది శాసిస్తుంది, అంతే.

అలాగని ఆ వరుసను మరీ అందంగా చూపించలేను. జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ వరుసలో ఎవరి బిందెలు లేవన్నది. మా అమ్మమ్మ ఊళ్ళో దళిత స్త్రీలు బావికి దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకునేవారని అమ్మ మామూలు విషయంలా చెప్పేది. నేను పుట్టకముందు, 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర అగ్రకుల యువకుల దౌర్జన్యాన్ని ఎదిరించి ఒక దళిత స్త్రీ, మున్నంగి సువార్త, చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురు దళితులను చంపారు. తప్పుకుని పోవడమే మర్యాదగా చెలామణీ అయ్యే చోట, తప్పుకోకపోతే ఏమవుతుందో మనకు తెలియని సంగతి కాదు. ఉమ్మడి వనరులను జనమే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ, మొట్టమొదటి నియమంగా చెప్పింది హద్దులు స్పష్టంగా ఉండాలనే. హద్దుకు లోపల ఎవరు, బయట ఎవరు అన్న దగ్గరే న్యాయం తేలాలి. "ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు" అన్నాడు ఆ పెద్దాయన. ఆ అందరిలో మేం లేం.

ఆ అందరిలో ఇంకెవరు లేరు? ఆ కొండలు క్రో తెగ వేటాడిన నేల. 1868 ఒప్పందంలో క్రో ప్రజలు తమ నేలలో ఎక్కువ భాగం వదులుకుని, ఎవరూ ఆక్రమించని ప్రభుత్వ భూముల్లో వేటాడే హక్కు నిలుపుకున్నారు. 2014లో ఒక క్రో పౌరుడు, క్లేవిన్ హెరెరా, బిగ్ హార్న్ అడవిలో ఎల్క్‌ను వేటాడినందుకు వయోమింగ్ కేసు పెట్టింది. రాష్ట్రం ఏర్పడ్డాక ఆ హక్కు పోయిందనీ, జాతీయ అడవిగా ప్రకటించాక ఆ నేల 'ఆక్రమించినది' అయిందనీ వాదించింది. 2019లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో, 5-4 తీర్పుతో, రాష్ట్ర అవతరణ వల్ల ఆ హక్కు పోలేదనీ, అడవిగా ప్రకటించినంత మాత్రాన నేలంతా ఆక్రమించినట్టు కాదనీ చెప్పింది. చోటు ఖాళీగా ఉందా లేదా అన్న మా సాయంకాలపు తగువు ఎంత పాతదో అది చదివాకే అర్థమైంది. వాళ్ళ ఇరవై ఏళ్ళూ, మా నాలుగు గంటలూ, రెండూ ఎవరినో మరిచిపోయాకే మొదలైన లెక్కలు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ నలుగురూ రాలేదు. రెండో రోజు సాయంత్రం ఒక తండ్రీ, పద్నాలుగేళ్ళ కూతురూ వచ్చారు. ఆయన దూరంగా ట్రక్కు ఆపి, నడిచి వచ్చి, "మీరు ఎన్ని రోజులుంటారు? ఈ చెట్ల అవతల మేం దిగితే మీకు ఇబ్బందా?" అని అడిగాడు. నాలో వెంటనే లేచిన మాట, ఇబ్బందే అని. నిరుడు ఇక్కడే అవమానపడ్డాం, ఈసారైనా ఇది మాది. ఆ మాట నోటిదాకా వచ్చాక సిగ్గేసింది. గాయాన్ని నేను పట్టాగా మార్చుకున్నాను. మనం పోగొట్టుకున్న చోటు దొరకగానే మనమూ కంచె గురించే ఆలోచిస్తామా? స్త్రీలకు చోటు కావాలని ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాం. దొరికాక ఆ చోటుతో ఏం చేస్తామన్నది నన్ను నేను అంతగా అడగలేదు.

మా ఇంటావిడ నా వైపు చూడలేదు. దిగమన్నారు. తెల్లవారి తాను ఏ గట్టు వైపు వెళ్తానో చెప్పి, ఒకరి గురికి ఒకరు అడ్డం రాకుండా వాళ్ళు ఎటు వెళ్తే మంచిదో మాట్లాడుకున్నారు. ఆ పిల్ల మా పొయ్యి దగ్గరకొచ్చి చేతులు కాచుకుంది.

ఆ రెండు సాయంత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా అర్థమైంది. రెండుసార్లూ ఆవిడ సరేనన్నారు. రెండోసారి మాత్రమే కాదనే వీలుంది. ఆ తండ్రి అడిగింది నిజమైన ప్రశ్న, వద్దంటే వెళ్ళిపోయేవాడు. కాదనగలిగినప్పుడు ఇచ్చిందే ఇవ్వడం. కాదనలేనప్పుడు ఇచ్చింది, ఎంత నవ్వు ముఖంతో ఇచ్చినా, వదులుకోవడమే. అందుకే ఉమ్మడి చోట్లలో మర్యాద బాధ్యత ముందుగా బలం ఉన్నవాళ్ళది. ట్రక్కు దూరంగా ఆపడం, అడగడం, కాదన్న జవాబుకు కూడా సిద్ధపడి అడగడం.

తిరిగి వచ్చేరోజు ఆవిడ మిగిలిన కట్టెలు చెట్టు కింద పేర్చి, తడవకుండా పాత టార్పాలిన్ కప్పారు. వాళ్ళ నలుగురే వస్తే, అన్నాను. "చలి వాళ్ళకీ వేస్తుంది కదా" అన్నారు. నాకింకా అంత మనసు రాలేదు. కట్టెలు కాల్చుకోనీ, నాకు అభ్యంతరం లేదు. అప్పటికే అక్కడ ఎవరైనా ఉంటే మాత్రం వాళ్ళు ఏమని పలకరిస్తారన్నదే నాకు కావాలి.