మౌనమును సత్యమును

అమెరికా ఈశాన్య రాష్ట్రములలో చలికాలమున ఇండ్లను వెచ్చగా నుంచుటకు నూనెను కాల్చుట కలదు. ఆ నూనె నిలువకై పూర్వము పెక్కు ఆవరణలలో ఉక్కు తొట్లను పాతిపెట్టిరి. నూనెకు మాఱుగా సహజవాయువు వచ్చిన పిమ్మట కొన్ని తొట్లు అట్లే మఱువబడినవి. ఉక్కు తుప్పుపట్టును, నూనె మట్టిలోనికి, ఒక్కొక్కచో భూగర్భజలములోనికి దిగును. దానిని శుద్ధిచేయుట మిగుల వ్యయముతో గూడిన పని.

ఈ సంగతి నెఱిగి ఇల్లమ్మువాడు, కొనువాడు అడుగనిచో, చెప్పవలయునా? ‘నేను అసత్యమాడలేదు గదా’ యని అతడు మనస్సును సమాధానపఱచుకొనవచ్చును. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రీ.పూ. 44లో రోమను తత్త్వవేత్త సిసిరో కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున దోషములుగల ఇంటిని అమ్మువానినే ఉదాహరణముగా గైకొనెను. చెప్పకుండుట దాచుట కాదని డయోజనిస్ పక్షము. తెలిసిన దోషమును తెలుపవలయునని ఆంటిపేటర్ పక్షము. సిసిరో రెండవదానినే సమర్థించెను. 1974లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు సైతము, బొద్దింకలు నిండిన యొక యింటి వ్యాజ్యమున, విక్రేత బుద్ధిపూర్వకముగా మఱుగుపఱచిన దోషము విక్రయమును రద్దుచేయుటకు హేతువు కాగలదని చెప్పెను.

శాసనము బలిమిచే చేయించుదానిని సజ్జనుడు స్వేచ్ఛగా చేయును. మట్టిని పరీక్షింపజేసి, ఫలితమును కొనువాని ముందుంచి, తొట్టిని తీయించుటయో, వెల తగ్గించుటయో ఇరువురును కలసి నిర్ణయించుకొనుట ధర్మమార్గము. ఇందు విక్రేతకు ధననష్టము కలుగవచ్చును; ఆ నష్టము నిజమైనదే. కాని మౌనము దానిని తొలగింపదు. మఱియొకని నెత్తికి మార్చును. ఎదుటివానిని భ్రాంతిలో నుంచుటకై పాటించు మౌనము అసత్యమునకు రూపాంతరమే. తాను కొనువాడైనచో ఏది తెలిసికొనగోరునో, అమ్మునప్పుడు దానిని చెప్పుటయే సత్యవ్రతము.