మొసలికి కూడా మోక్షమే

గజేంద్ర మోక్షం చెప్పుకున్నాక మీలో చాలామంది ఒకటే అడిగారు: "అప్పుడు ఏనుగు పిలిస్తే స్వామి వచ్చాడు, ఇప్పుడు పిలిస్తే ఎవరొస్తారండీ?"

నాది ఆమదాలవలస. మావైపు ఇది ఉత్త పురాణ ప్రశ్న కాదు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం రెండు జట్లయిపోతాం. ఒకరు రైతును తిడతారు, ఇంకొకరు ఏనుగును.

భాగవతం ఎనిమిదో స్కంధం చూడండి. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం. మరి మొసలి? హూహూ అనే గంధర్వుడు. చక్రం తగలగానే వాడి శాపమూ తీరింది, తన లోకానికి వెళ్లిపోయాడు. స్వామి ఒకరి కేక విని వచ్చి ఇద్దరినీ విడిపించాడు. మనం మాత్రం సినిమా క్లైమాక్స్‌లా మొసలి తల తెగడం దగ్గరే ఆగిపోతాం.

ఏనుగుకి రోజుకి 150 కిలోల దాకా మేత కావాలి. అడవి తరిగితే అదెక్కడికి పోతుంది? ఒక్క రాత్రిలో అరటితోట పోతే రైతు ఏం తింటాడు? మన్యంలో ఏనుగుల వల్ల ప్రాణాలు పోయిన ఇళ్లూ ఉన్నాయి. ఆ గుమ్మంలో నిలబడి "వినాయకుడి రూపం కదా" అనడానికి నాకు నోరు రాదు.

అందుకే గుంపు వెనకాలే తిరిగే ట్రాకర్ల పని నాకు సేవలాగే కనిపిస్తుంది. అడుగులు చూస్తారు, పేడ చూస్తారు, "ఈ పూట అటు పోకండి" అని ఊళ్లకి కబురు చెప్తారు. (ముందుకాలి ముద్ర చుట్టుకొలతకి సుమారు రెండింతలు ఏనుగు ఎత్తు, తెలుసా?) కెన్యాలోని అంబోసెలిలో సింథియా మాస్ 1972లో మొదలుపెట్టిన పని కూడా ఇలాంటిదే. అక్కడ చెవుల అంచుల్లో చిరుగులు చూసి ఒక్కో ఏనుగునీ గుర్తుపడతారు. గుంపు ఎక్కడుందో ముందే తెలిస్తే మనిషీ ఏనుగూ ఎదురుపడకుండా చూడొచ్చు.

"ఒడిశా నుంచి వచ్చిపడ్డాయి" అంటుంటారు గానీ, కళింగ ఏనుగులు మేలైనవని అర్థశాస్త్రంలోనే ఉంది. కళింగమంటే మన నేల కూడా కదా!

మన్యం వైపు వెళ్లినప్పుడు గుంపు కనిపిస్తే సెల్ఫీ కోసం బండి ఆపకండి. కంచెకి కరెంటు పెట్టినవాళ్లు తెలిస్తే కూర్చుని నెమ్మదిగా చెప్పండి. పంట పోయిన పెద్దాయన ఉంటే నష్టపరిహారం దరఖాస్తు మీరే నింపిపెట్టండి. ఫొటోలు తీసి జతచేయడం మీకు రెండు నిమిషాల పని. ఆయనకి అదే కొండ.