నిజమైన ఆసక్తి



కూడికలో బిగ్గరగా పాడి, ఇంటికి పోయి పొరుగువానితో పగ సాధించువానిని ఆసక్తిగలవాడందుమా? దమస్కు త్రోవ పట్టిన సౌలుకును ఆసక్తి మెండే. అది సంఘమును హింసించినది.

ఆటోనగరులో లారీ కమాన్లు చేయువారిని చూడుడి. ఇనుము ఎఱ్ఱగా కాగుట చాలదు; సుత్తెదెబ్బకు లోబడిననే బరువు మోయును.

1805లో ఈ విశాఖపట్టణమునకు వచ్చిన మిషనెరీలు క్రాన్, డిగ్రాంజెస్ దొరలు అట్లే లోబడి, పసిబిడ్డలవలె తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెనిగించుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డిగ్రాంజెస్ 1810లోను మరణించిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపురమున అచ్చుపడెను. వారు కన్నులార చూడలేదు.

తాను కోయని పంటకొరకు ఓపికతో విత్తుటయే ఆసక్తి. మన వేడిమి ఎవరి బరువు మోయుచున్నది? ఈ మాసమెల్ల ఆలోచింతము.