అమాయకత్వం ఎవరి సొత్తు?

పల్లెటూరి పిల్లవాడు మొదటిసారి ఒంటరిగా పట్నం పోవటాన్ని గురించి మన సాహిత్యంలో కథలు కొల్లలుగా వచ్చాయి. వాటిలో చాలాభాగం ఒకే బాటలో నడుస్తాయి. పల్లె నిర్మలమైనది, పట్నం కల్మషమైనది. పిల్లవాడు పాలవంటి మనస్సుతో బయలుదేరి, దాన్ని బస్టాండులో పారబోసుకొని తిరిగివస్తాడు. చదివినవారు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు ఎవరిది, దేనికోసం అని విచారించవలసి వున్నది. ఇది కేవలం సాహిత్యాభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. పసివాడికి నీతి ఎక్కడినుంచి వస్తుంది, అది ఎక్కడ చెడుతుంది అనే ప్రశ్న కూడా ఇందులో వున్నది.

గాలిలో చర్చించటం కంటే ఒక ప్రాంతాన్ని తీసుకోవటం మంచిది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - మూడూ నిన్నమొన్నటి వరకు నల్లగొండ జిల్లాలోనివే. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయినప్పుడు కోదాడ దానితో పోయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. మొదటి రెండూ హైదరాబాదు - విజయవాడ రహదారి మీద వున్నాయి. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి అది. ఈ రెండు పట్టణాలూ రైలుమార్గంలో లేవు. కనుక అక్కడి పల్లెల పిల్లలకు లోకం అంటే బస్సే. మిర్యాలగూడ సంగతి వేరు. దానికి రైలున్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తర్వాత ఎడమకాలువ కింద వరి పెరిగింది, వరితోపాటు రైసుమిల్లులూ పెరిగాయి. ఈ ప్రాంతపు పిల్లవాడి మొదటి ప్రయాణం సాధారణంగా హాస్టలుకో, మిల్లు దగ్గర వడ్లతో కాచుకొని వున్న తండ్రికి అన్నంగిన్నె తీసుకుపోవటానికో అయివుంటుంది. విహారానికి మాత్రం కాదు.

ముందు మొదటి ప్రశ్న. ఈ పిల్లవాడికి పోగొట్టుకోవటానికి అమాయకత్వం అసలు వున్నదా?

నిజాం కాలంలో వెట్టి చేసే ఇంట్లో పుట్టిన బిడ్డకు నడక రాగానే నేర్పే విద్య ఏమిటి? గడీ ముందునుంచి ఎట్లా పోవాలి, దొర బిడ్డను ఏమని పిలవాలి, ఏ బావి దగ్గర ఆగాలి, ఏ అరుగు ఎక్కకూడదు - ఇదే. అయిదేళ్ళకే ఆ పసివాడు తన శరీరాన్ని ఎంత వంచాలో తెలిసిన పండితుడు. దీన్ని అమాయకత్వం అనటానికి నాకు నోరు రాదు. అది తర్ఫీదు. లోకం ఇంతే అనుకోవటమూ లోకపు చెడుగు తెలియకపోవటమూ ఒకటి కావు. దూరంనుంచి చూసేవారికి మాత్రం రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. పల్లె బాలుడి నిర్మలత్వాన్ని కీర్తించే రచయిత చాలాసార్లు పల్లెను సెలవుల్లో చూసినవాడు కావటం కాకతాళీయం కాదు.

అటువంటి పిల్లవాడు బస్సెక్కినాడనుకోండి. టిక్కెట్టు కొన్నవాడు సీటులో కూర్చుంటాడు. పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ అడగరు, అడిగినా లేపలేరు. ఈ దేశంలో డబ్బు చేసే మేలు బహు స్వల్పం. కాని ఈ ఒక్క మేలూ దాని ఖాతాలో వేయక తప్పదు. కోదాడనుంచి సూర్యాపేట సుమారు నలభై అయిదు కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా ఆ బాలుడు పోగొట్టుకున్నది ఏదన్నా వుంటే అది భయం. దానికోసం నిట్టూర్చనక్కరలేదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1948కి ముందు కోదాడ దాటి తూర్పుగా పోతే రాజ్యం మారేది, రూపాయి మారేది. హాలీ సిక్కా పోయి కలదారు వచ్చేది. అటుపక్క కృష్ణాజిల్లా. అక్కడ వెట్టి ఇట్లా లేదని కళ్ళారా చూసినవాడికి తన వూరి కట్టుబాటు దేవుడు చేసింది కాదని తెలిసిపోయేది. నకిరేకల్లు దగ్గర చెరువుమాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నతనంలో తండ్రిని పోగొట్టుకొని, ఒక ఉపాధ్యాయుడి ఇంట వంట చేస్తూ అక్షరాలు నేర్చినవాడు. తర్వాత విజయవాడ పోయి హోటలులో సర్వరుగా నిలబడ్డాడు. ఎంగిలి బల్లలు తుడిచిన ఆ పిల్లవాడే 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు, ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. తాత చేత లోకంలోకి తరమబడిన గోర్కీ కథ చదివి మనం కళ్ళు తుడుచుకుంటాం. మన జిల్లాలో నడిచిన కథ మాత్రం మనకు గుర్తుండదు.

ఇంతవరకు చెప్పింది చదివి కొందరు మిత్రులు సంతోషించవచ్చు. ‘అమాయకత్వం పోవటమంటే చైతన్యం రావటమే, ఇంకేమున్నది’ అని తేల్చివేయవచ్చు. అంత తేలిక కాదు. ఎందుకు కాదో ఆర్టీసీ అర టిక్కెట్టు చెబుతుంది.

అయిదేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. పన్నెండేళ్ళ వరకు అర టిక్కెట్టు. పదమూడో ఏడు నడుస్తున్న కొడుకును బస్సెక్కించేటప్పుడు తల్లి చెప్పే చివరిమాట సాధారణంగా జాగ్రత్త అని కాదు. ‘బిడ్డా, కండక్టరు అడిగితే పదకొండేండ్లని చెప్పు.’ ఇంట్లో అబద్ధమాడితే వీపు పగలగొట్టిన తల్లి ఆమె. పిల్లవాడి మొదటి స్వతంత్ర ప్రయాణం ఈ విధంగా తల్లి నేర్పిన అబద్ధంతో మొదలవుతుంది. కండక్టరు అతని మూతి మీది నూగును చూస్తాడు, నమ్మడు, అయినా చాలాసార్లు అర టిక్కెట్టే కొట్టి ఇస్తాడు. ఆ క్షణంలో పిల్లవాడికి మూడు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: అమ్మ అబద్ధం చెప్పమంటుంది, కండక్టరుకు అది అబద్ధమని తెలుసు, అయినా లోకం నడుస్తుంది.

ఈ అబద్ధం తప్పా? మన పల్లెల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది హరిశ్చంద్ర నాటకం. తెల్లవార్లూ పద్యాల మీద పద్యాలు పాడించుకొని జనం కన్నీరు పెట్టిన నాటకం అది. గాంధీ కూడా బాల్యంలో హరిశ్చంద్ర నాటకం చూసి కదిలిపోయానని రాసుకున్నాడు. నేనొకటి అడుగుతాను. ఆ సత్యానికి వెల ఎవరు చెల్లించారు? కాశీ వీథుల్లో అమ్ముడుపోయింది చంద్రమతీ, లోహితాస్యుడూ. పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు. రాజుకు మాట దక్కింది, కొడుకుకు పాము కాటు దక్కింది. తన సత్యం కోసం ఇతరుల కడుపు కాల్చే అధికారం రాజులకు వుంటే వుండవచ్చు. రోజుకూలి తల్లి తన సత్యానికి రేపటి కూర ఖర్చును చెల్లించవలసి వస్తుంది.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, చంపవచ్చినవాడు నీ మిత్రుడెక్కడ అని అడిగినా అబద్ధం చెప్పరాదని వాదించాడు. దీనికి తెలంగాణా పల్లెలు 1946 - 51 మధ్య జవాబు చెప్పాయి. దళం జాడ తెలిసిన పిల్లలు తెలియదన్నారు. రజాకార్ల ముందూ, తర్వాత సైన్యం ముందూ కూడా. వార్తలు మోసిన పిల్లల ప్రయాణాలు కూడా మొదటి ఒంటరి ప్రయాణాలే. వాళ్ళు నిజం చెప్పివుండవలసిందని అనగల తత్త్వశాస్త్రం మనకు అక్కరలేదు.

కాని ఆ అబద్ధమూ, అర టిక్కెట్టు అబద్ధమూ ఒకటేనా? కాదు. మొదటిదాన్ని పిల్లవాడు ఎందుకు చెబుతున్నాడో అతనికి తెలుసు. వూరంతటికీ తెలుసు. అది గర్వంగా చెప్పిన అబద్ధం. రెండోది గొణిగినది. దాని కారణం ఎవరూ చెప్పలేదు. ‘మనం పేదవాళ్ళం, ఈ డబ్బు మనకు ఇంత అవసరం’ అని తల్లి అనదు. అనటానికి సిగ్గు. అందువల్ల పిల్లవాడు కారణాన్ని వదిలి కౌశలాన్ని మాత్రమే నేర్చుకుంటాడు. అసలు ప్రమాదం ఇక్కడ వున్నది.

ఆ కౌశలం ఎక్కడికి దారి తీస్తుందో మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర కనపడుతుంది. వడ్లలో తేమ పదిహేడు శాతానికి మించరాదన్నది ప్రభుత్వ కొనుగోలు నిబంధన. గింజను చేతిలో వేసుకొని, పంటికింద కొరికి, తేమ ఎక్కువన్నా, తాలు వున్నదన్నా ఆ పక్షం మాటే చెల్లుతుంది. బస్తాకు ఇంత తరుగు. అన్నంగిన్నె పట్టుకొని వచ్చిన కొడుకు, వూళ్ళో ఎద్దునైనా మనిషినైనా గదమాయించే తన తండ్రి, ఒక కుర్ర గుమాస్తాను సార్ అనటం చూస్తాడు.

‘నాయనా, మన వడ్లు నిజంగ తడిగున్నయా?’

‘ఊకో బిడ్డా.’

పిల్లవాడు బస్సులో చెప్పిన అబద్ధం కంటే ఈ ‘ఊకో’ అతన్ని ఎక్కువ మారుస్తుంది. ఇప్పుడతనికి రెండు అబద్ధాలు పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఒకటి తనది, రెండోది కాంటాది. తరుగు నిర్ణయించేవాడిది దోపిడీ అనీ, తల్లిది ఆత్మరక్షణ అనీ మనకు తెలుసు. పన్నెండేళ్ళవాడికి ఎవరు చెప్పారు? చెప్పకపోతే అతను వేసుకునే లెక్క సులభమైనది: లోకంలో అందరూ అబద్ధమే చెబుతారు, పెద్ద అబద్ధం చెప్పినవాడు కుర్చీలో కూర్చుంటాడు, చిన్నది చెప్పినవాడు గేటు దగ్గర నిలబడతాడు. ఈ లెక్కతో పెరిగినవాడు రేపు మంచి గుమాస్తా అవుతాడు. చైతన్యం దానంతట అదే వస్తుందని నమ్మే మిత్రులు ఈ గుమాస్తా ఎక్కడినుంచి వచ్చాడని ఆలోచించరు. అతనూ ఒకనాడు పల్లెనుంచి బస్సెక్కి వచ్చినవాడే.

ఆడపిల్ల విషయంలో ఇంకొక చేదు నిజం వున్నది. రద్దీ బస్సులో ఆమెకు మొదటి పాఠం టిక్కెట్టు ధర కాదు, వెనుకనుంచి వచ్చే చెయ్యి. అది చెబితే మరునాడు చదువు మానిపిస్తారని తెలిసి ఆమె ఇంట్లో ఏమీ జరగలేదంటుంది. ఆ అబద్ధాన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చదువు దక్కించుకోవటానికి ఆమె ఒక్కతే తయారు చేసుకున్నది. దీన్ని అమాయకత్వం పోవటమని కథ రాసేవారు, చదువు మానిపించే తండ్రిని గురించి కూడా రాయాలి.

అయితే టిక్కెట్టు అబద్ధం విషయంలో ఆమెకు ఈమధ్య ఒక విడుదల దొరికింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రపు సరిహద్దు వరకు ఆడవాళ్ళకు టిక్కెట్టు ఛార్జీ లేకుండా పోయింది. ఏ వయసైనా సరే. కోదాడ బస్సులో అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చుంటే అక్క తన వయసు నిజం చెబుతుంది, తమ్ముడు తగ్గించి చెబుతాడు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే పెంపకం. అక్క సత్యవంతురాలు కావటానికి ఏ హరిశ్చంద్ర నాటకమూ చూడలేదు. నీతిని శీలానికి మాత్రమే చెందిన విషయంగా బోధించే పెద్దలు ఒకసారి ఆ బస్సెక్కి రావాలి. ఉచిత ప్రయాణం వల్ల బస్సులు కిక్కిరిశాయనీ, నిలబడి పోవలసి వస్తున్నదనీ విసుక్కునేవారు వున్నారు. వారి ఇబ్బంది నిజమే. అందుకు కావలసింది ఎక్కువ బస్సులు.

ఇక మన కథకుల పని. మన దగ్గర ఇప్పటివరకు రెండు రకాల పిల్లలే ఎక్కువ: మోసపోయి ఏడ్చే అమాయకుడు, జెండా పట్టుకొని పడిపోయే వీరుడు. అర టిక్కెట్టుకు అబద్ధం చెప్పి, సూర్యాపేట హాస్టలులో ఆ రాత్రి నిద్రపట్టక, అమ్మ ఎందుకట్లా చెప్పమన్నదని ఆలోచిస్తూ పడుకున్న పిల్లవాడు మన పేజీల్లోకి ఇంకా రాలేదు. అతను దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను అడుగుతాడు. ఆమె ఏమి చెబుతుందో రాయటానికి పూనుకునే రచయిత, ముందుగా ఆమె రోజుకూలి ఎంతో, అందులో బస్సు ఛార్జీ ఎంతో కాగితం మీద వేసుకోవాలి.