పేకాటతో బ్రదుకుట వృత్తి యగునా?

ఒకడు దొంగిలింపడు, అబద్ధమాడడు, అప్పు పుచ్చుకొని ఎగవేయడు. ప్రతి రాత్రియు పేకముక్కల ముందు గూర్చుండి తెల్లవారువరకు ఆడి, ఏడాది తిరుగునప్పటికి సంసారమునకు చాలినంత గెలుచుచున్నాడు. వీని పనిని వృత్తి యనవచ్చునా? పోకరు అను ఆటచే జీవించువారు అమెరికాలో చిరకాలముగా నున్నారు. లాస్ వేగాస్ నగరమున 1970లో మొదలైన ప్రపంచ పోకరు పోటీలకు మన దేశపు యువకులును పోవుచున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దలలో ఈ యాట పేరు వినని వారుందురు గాని రమ్మీ పేరు వినని వారుండరు. కావున ప్రశ్న మనకు దూరపుది కాదు.

ఇది వట్టి అదృష్టమని తోసిపుచ్చుట సులభము. అది నిజము కాదు. పోకరులో మిక్కిలి ప్రచారముగల విధమున ఒక్కొక్కనికి రెండేసి ముక్కలు మూసి యిత్తురు. అయిదు ముక్కలు అందరికి ఉమ్మడిగా బల్లపై పరతురు. 52 ముక్కలలో రెండేసి ముక్కల జతలు 1,326 కలవు. రెండును ఆసులే యగు జతలు వానిలో ఆరు మాత్రమే. అనగా సగటున 221 ఆటలకు ఒక్కమారు. అంత గొప్ప జత చేతికి వచ్చినవాడు సైతము, రాజుల జత గలవానితో తుదివరకు నిలిచినచో, అయిదింట దాదాపు ఒకమారు ఓడిపోవును. ఒక్క రాత్రిని చూచినచో అంతయు అదృష్టమే. వేయి రాత్రులను కలిపి చూచినచో నేర్పే పైకి తేలును. ఆ నేర్పరి ఎక్కువగా చేయు పని ముక్కలు పారవేయుట. తనకున్న ధనములో స్వల్పభాగమే ఒక రాత్రికి తెచ్చును. సరిగా ఆడి ఓడిన దినమున కోపింపడు, తప్పుగా ఆడి గెలిచిన దినమున పొంగడు. ఫలాసక్తి లేక కర్మ చేయుటను గూర్చి గీతాప్రవచనములు వినివచ్చు మనలో ఎందరికి ఈ మాత్రపు నిగ్రహము కలదో చదువరులే యూహింతురు గాక.

చట్టము ఈ చర్చలో చాలకాలము నేర్పును, అదృష్టమును తూచుచు వచ్చినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై వచ్చిన వ్యాజ్యములో 1967లో సుప్రీముకోర్టు రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యనియు, మూడుముక్కలాట వంటిది కాదనియు తీర్పు చెప్పెను. తరువాత గాలి మారెను. పందెపు ఆటలను అంతర్జాలమున 2017లో తెలంగాణము, 2020లో ఆంధ్రప్రదేశము నిషేధించినవి. 2025 ఆగష్టులో పార్లమెంటు చేసిన చట్టము నేర్పా అదృష్టమా యను విచారణయే మాని, ధనము పణముగా ఒడ్డు అంతర్జాలపు ఆటలనన్నిటిని కాదన్నది. గోవాలోనో మాండవీ నదిపై ఓడలలో జూదము చట్టసమ్మతమే. కుప్పము మూడు రాష్ట్రముల పొలిమేర. అక్కడ రైలెక్కి బెంగుళూరు దిగునంతలో శాసనము మారవచ్చును గాని, మంచి చెడ్డలు మారునని మేమనుకొనము. కావున చట్టము నట్లుంచి విషయమును చూతము.

బల్లపై ధనము పుట్టదు. పదిమంది తెచ్చిన సొమ్మే అక్కడ తిరుగును. ఆట పెట్టించువాడు తన వాటా తీసికొనుటచే అదియు తరుగుచుండును. అందుచే ఒకడు దానితో బ్రదుకవలెనన్న, తక్కినవారు వాడు తిన్నదానికంటె ఎక్కువగా పోగొట్టుకొనక తప్పదు. వైద్యుడు రోగములవలనను, వకీలు తగవులవలనను బ్రదుకుటలేదా యని యడుగుదురు. నిజమే. కాని రోగము కుదిర్చి పంపుటయే వైద్యుని పని. తెలియని శిష్యుడు తెలిసినవాడైనప్పుడే ఉపాధ్యాయుని పని నెరవేరును. జూదరికి అట్లు కాదు. ఎదుటివాడు ఆట చక్కగా నేర్చిన నాడు ఇతని జీతము నిలిచిపోవును. ఆట తెలియక వచ్చి కూర్చున్నవానిని పోకరువారు చేప యందురు. ఆ పేరే చాలినంత చెప్పుచున్నది.

చదరంగముతో పోల్చుటయు కుదురదు. కోనేరు హంపి 2019లోను 2024లోను ర్యాపిడ్ చదరంగమున జగజ్జేత యైనది. అట్టి పోటీలలో పోషకులు బహుమాన మిత్తురు, ఓడినవారి యిండ్లు గుల్ల కావు. పోకరు పోటీలో బహుమాన మనగా చాలవరకు ఓడినవారు కట్టిన ప్రవేశరుసుమే.

అన్నిటికంటె గట్టి సమాధానము వేరొకటి కలదు: ఎదుటివాడు ఎవరి బలవంతమును లేక వచ్చి కూర్చుండెను, నాకేమి దోషము? సినిమాకు పోవునట్లు, పోయినను చింతలేని సొమ్ము తెచ్చి ఆడువాడు నొకడుండును. వానివద్ద గెలుచుటలో మాకును పెద్ద దోషము కానరాదు. కాని భార్య నగ తాకట్టుపెట్టి, నిన్న పోయినది నేడు రాబట్టవలెనని వచ్చినవాడును అదే బల్లవద్ద కూర్చుండును. వానిది ఇష్టమనుట మాటవరుసకే. ఎదుటివాని వ్రేళ్ల వణకును, కనురెప్ప కదలికను చదువుటయే వృత్తిగా గలవాడు ఈ యిద్దరి భేదము తెలియదనుట నమ్మదగిన మాట కాదు. అతడు చదువును, ముక్కలకు సంబంధించినంతవరకు చదివి, ఆ ముఖమున తక్కిన దానిని చదువుట మానుకొనును. అంతర్జాలమున ఆ ముఖమును లేదు. ఒక పేరును, ఒక అంకెయు మాత్రమే కన్పించును. మానుకొనవలసిన శ్రమ కూడ తప్పినది.

ఋగ్వేదమున పదవ మండలము 34వ సూక్తము జూదరి విలాపము. జూదము మాని సేద్యము చేసికొమ్మని అందు హితోపదేశము కలదు. మదనపల్లె టమోటా రైతు ఈ మాట విన్నచో నవ్వును. 2023 జూలై నెలాఖరున ఆ యంగడిలో కిలో ధర 200 రూపాయల దరిదాపులకు పోయెను. కోతకూలి గిట్టక పంటను చేనిలోనే విడిచిన యేండ్లును కలవు. అప్పు తెచ్చి నారు నాటువానికంటె జూదరి యెవడు? అయినను ఒక్క భేదము. ఈ రైతు ఓడిపోయిన యేట కూడ అతని కాయలతో ఎందరో కూర వండుకొని తిందురు. (పెండ్లి సంబంధములు చూచువారు మాత్రము రైతుబిడ్డను వెనుకకు నెట్టి, బెంగుళూరిలో ఏదో ఆటలో సంపాదించి కారు కొన్న పిల్లవానిని ముందుకు తెత్తురు.)

మన యితిహాసమున జూదమునే కొలువుగా చేసినవాడొకడు కలడు, అతడు ధర్మరాజే. ఏమియు తెలియక శకునితో ఆడి సర్వము పోగొట్టుకొని, అరణ్యమున బృహదశ్వునివలన అక్షహృదయము నేర్చి, విరాటుని కొలువున కంకుడను పేర ఏడాదిపాటు పాచికలాడించెను; గెలిచిన ధనము రహస్యముగా తమ్ములకు పంచెను. చేపయును, నేర్పరియును తానే యైనవాడు గనుక అతని నడత గమనింపదగినది. ఉత్తరుడు కౌరవుల గెలిచెనన్న వార్త వచ్చినప్పుడు విరాటుడు ఉబ్బితబ్బిబ్బై పాచికలు తెమ్మనెను. గెలుచుటకు అంతకంటె మంచి సమయము లేదు. కంకుడు మాత్రము, సంతోషమున మైమరచినవానితో ఆడరాదని విన్నాననియు, జూదమున దోషములు పెక్కులనియు చెప్పి వారించెను. రాజు వినలేదు. ఆట సాగెను. బృహన్నలను పొగడుటతో మాట పెరిగి రాజు పాచికతో కంకుని మొగముపై కొట్టగా, ముక్కున కారిన నెత్తురు నేల పడకుండ ద్రౌపది పాత్ర తెచ్చి పట్టెను.