రెండు రోజుల డిజైన్

2020 ఆగస్టులో మా మావయ్య కోవిడ్‌తో పోయారు. యాభై ఎనిమిదేళ్లు. ఆయన పోయేనాటికే వ్యాక్సిన్ డిజైన్ పూర్తయి ఏడు నెలలైందని చాలా రోజుల తర్వాత చదివాను. వైరస్ జన్యుక్రమం 2020 జనవరి 11న బయటికొచ్చింది. 13కల్లా మొడెర్నా, అమెరికా ప్రభుత్వ పరిశోధకులు కలిసి తమ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ క్రమాన్ని ఖరారు చేసేశారు. అందుకు వైరస్ నమూనా కూడా అక్కర్లేకపోయింది. కంప్యూటర్లోని అక్షరాలే సరిపోయాయి. అమెరికాలో వాడకానికి అనుమతి మాత్రం డిసెంబర్ 18న వచ్చింది.

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ముందు కోపమే వచ్చింది. ఫైల్ రెడీగా పెట్టుకుని పదకొండు నెలలు ఆగడమేంటి? మనుషులు రోజూ చచ్చిపోతుంటే ఆగడం కూడా ఒక నేరమే కదా?

ఆ కోపంతోనే చదువుతూ పోతే ఆర్‌ఎస్‌వి కథ తగిలింది. పసిపిల్లల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే వైరస్ అది. 1960ల్లో అమెరికాలో, ఫార్మాలిన్‌తో చంపిన వైరస్‌ని టీకాగా చేసి పసివాళ్లకి వేసి చూశారు. యాంటీబాడీలు కూడా వచ్చాయి. తీరా అసలు వైరస్ సోకాక, టీకా పడిన పిల్లల్లోనే జబ్బు ముదిరింది. ఇద్దరు చనిపోయారు.

ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది. కణంలోకి దూరకముందు ఆ వైరస్ ప్రోటీన్‌ది ఒక ఆకారం, దూరాక ఇంకో ఆకారం. పాత టీకా శరీరానికి ఎక్కువగా చూపించింది రెండోదాన్ని. 2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం బృందం మొదటి ఆకారాన్ని పట్టుకుని, అది మారిపోకుండా బిగించింది. కరోనా జాతి వైరస్‌ల స్పైక్ ప్రోటీన్‌ని కూడా రెండు ప్రోలీన్లతో అలా బిగించొచ్చని 2020కి ముందే తేలిపోయింది. నేను రెండు రోజులనుకున్న డిజైన్ వెనక ఆ పిల్లలున్నారు.

ఇందులో కంప్యూటర్ పాత్ర చిన్నదేం కాదు. డేవిడ్ బేకర్ సంస్థలో కంప్యూటర్ మీద రూపం పోసుకున్న నానోకణంతో చేసిన టీకాకి 2022లో దక్షిణ కొరియా అనుమతిచ్చింది. ప్రోటీన్ డిజైన్‌కి ఆయనకి 2024లో నోబెల్ వచ్చింది. అయినా ఆ టీకానీ మనుషుల మీద పరీక్షించాకే వాడారు. నా కోడ్ తప్పయితే వెనక్కి తీసుకుంటాను. ఒంట్లోకి వెళ్లిన మందుని వెనక్కి తీసుకోలేం.

మొడెర్నా పరీక్షలో సుమారు 30,000 మంది చేరారు. సగం మందికి ఇచ్చింది ఉత్త ఉప్పునీళ్లు. ప్రధాన విశ్లేషణలో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు 30 మంది. అందరూ ఉప్పునీళ్లవాళ్లే. ఒకరు చనిపోయారు. టీకా పనిచేస్తుందని మనకి తెలిసింది వాళ్ల వల్లే. మావయ్యలాగే వాళ్లకీ రక్షణ లేదు. తేడా ఒక్కటే, వాళ్లు తెలిసే ఒప్పుకున్నారు.

డిజైన్ రోజుల్లోంచి గంటల్లోకి తగ్గొచ్చు, తగ్గాలి కూడా. కానీ అది నిజమా కాదా అన్నది ఎవరో ఒకరు తమ ఒంటి మీద తేల్చాల్సిందే. ఆ పదకొండు నెలల మీద నాకిప్పుడు పాత కోపం లేదు. మావయ్య గుర్తొచ్చినప్పుడు మాత్రం బాధ తగ్గలేదు.

2021లో నా వంతు రాగానే ధైర్యంగా చెయ్యి చాపాను. అంతకుముందు సంవత్సరం ఎవరైనా ట్రయల్‌కి రమ్మని అడిగుంటే వెళ్లేవాణ్ణా? బహుశా వెళ్లేవాణ్ణి కాదు. తొందరపడమని అరిచింది మాత్రం నేనే.