తడి ఆరేదాకా

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. నాన్న పోయాక ఊళ్లో మిగిలిన ఇంటి సంగతి. చదవగానే ఒళ్లు మండింది. నాలుగు వాక్యాలు గబగబా టైపు చేశాను. అంతలో అమీర్‌పేట స్టేషన్ వచ్చేసింది, జనంతో పాటు దిగిపోయాను. పంపకుండానే ఫోన్ జేబులోకి వెళ్లింది.

ఆదివారమైనా మైత్రీవనం చుట్టూ సందడి తగ్గలేదు. మూడు నెలల్లో ఒక కోర్సు, నలభై అయిదు రోజుల్లో ఇంకొకటి అంటూ చేతిలో కరపత్రాలు పెడుతున్నారు. ఆ కోర్సుల్లో చేరే పిల్లలను నేను తప్పుపట్టను. ఇంటి దగ్గర అప్పు పెట్టుకుని హాస్టల్లో ఉంటున్నవాడికి తొందర ఉండదా? పంజాగుట్ట దాకా నడిచి, లోపలి వీధిలో నీటిరంగుల ప్రదర్శన జరుగుతున్న చిన్న గ్యాలరీకి చేరాను.

గోడల మీద చెరువులు, చార్మినార్ పక్క సందులు, వాన వెలిసిన రోడ్లు. అందరూ మాత్రం ఓ మూల బల్ల చుట్టూ మూగారు. అరవై దాటిన చిత్రకారుడొకరు అందరి ముందు బొమ్మ వేస్తున్నారు. చెక్కకు అతికించిన దళసరి కాగితాన్ని స్పాంజితో తడిపి, వెడల్పాటి కుంచెతో నీలం రంగు ఒక్క పూత పూశారు. పలక కొంచెం వాల్చారు. రంగు తనంతట తానే కిందికి జారింది. ఆయన కుంచె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చున్నారు.

అయిదు నిమిషాలు గడిచాయి. వెనకాల నిలబడ్డ కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు: “సార్, హెయిర్ డ్రయర్ పెట్టొచ్చు కదా?”

“పెట్టొచ్చు నాన్నా. హడావుడిలో నేనూ పెడతాను. కానీ ఈ నీలం బరువైన రంగు. కాగితం గుంటల్లోకి తానే దిగి కూర్చోవాలి. గాలి కొడితే చెదిరిపోతుంది.”

ఆ పైన ఇంకో కాగితం తీసి, కావాలనే సగం ఆరిన పూత మీద ఒక్క నీటిచుక్క వేసి చూపించారు. క్షణంలో రంగు పక్కకు నెట్టుకుపోయి, చుట్టూ గరుకు అంచుతో మచ్చ తేలింది. “పూర్తి తడిగా ఉంటే కలిసిపోయేది, పూర్తిగా ఆరితే పైన నిలిచేది. మధ్యలో వేలు పెడితే ఇదే” అన్నారు. తడి మెరుపు పోయాక కూడా నమ్మకుండా వేళ్ల వెనక భాగం ఆనించి చూశారు. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరున్నట్టే. “ఇప్పుడు కనిపించే రంగు అసలు రంగు కాదు. ఆరాక ఒక పాలు పలచబడుతుంది” అని కూడా చెప్పారు.

నా చెయ్యి తెలియకుండానే జేబులోని ఫోన్ మీదికి వెళ్లింది.

నీటిరంగుల్లో ‘వాష్’ అనే పద్ధతి ఒకటుంది. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల సహవాసంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ దానికి రూపమిచ్చారు. రంగు వేసి, ఆరనిచ్చి, మొత్తం కాగితాన్ని నీళ్లలో ముంచుతారు. పైపై రంగు కొట్టుకుపోతుంది, ఇంకినది నిలుస్తుంది. మళ్లీ రంగు, మళ్లీ ఆరడం, మళ్లీ మునక. ఆ బెంగాలీ సంప్రదాయాన్ని బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చినవారు ప్రమోద్ కుమార్ ఛటోపాధ్యాయ. అడివి బాపిరాజు ఆయన శిష్యులే. ఆ గురువు కుంచె పట్టినవాడే కాదు, హిమాలయాల్లో సాధుసంతుల వెంట తిరిగి, కైలాస మానస సరోవరాలు చూసి, ఆ అనుభవాలను బెంగాలీలో గ్రంథాలుగా రాసిన సాధకుడు. ఈ రెండూ ఒకే మనిషిలో కుదరడం నాకు వింతగా తోచదు.

వేదాంతులు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు చెబుతారు. మనకు మొదటిదే చాలా ఇష్టం. పొద్దున టీవీలో ఒక ప్రవచనం, బస్సులో యూట్యూబ్‌లో మరొకటి, పడుకునే ముందు ఇంకొకటి. ఏ పూతా ఆరదు. తడి మీద తడి పడి చివరికి అన్నీ కలిసి బురదరంగు తేలుతుంది. విన్న ఒక్క మాటను వారం రోజులు కదపకుండా వదిలేస్తే అది గుంటల్లోకి దిగుతుంది. మననం అంటే నాకిప్పుడు అర్థమయ్యేది ఆ ఆరే వ్యవధే.

చీకటి పడుతుండగా ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడికి వెళ్లాను. మంత్రోపదేశం ఇస్తేగానీ అన్నం ముట్టనని పట్టుబట్టిన రాధాబాయి అనే ముసలమ్మ కథ సాయిచరిత్రలో ఉంది. తన గురువు తనను అడిగింది రెండే రెండు పైసలని, అవి నిష్ఠ, సబూరీ అని బాబా ఆమెకు చెప్పాడు. సబూరీ అంటే ఓర్పు, అరబ్బీ నుంచి వచ్చిన మాట. మన నగరంలో ఆటోవాలాలు రోజూ ‘సబర్ కరో భాయ్’ అంటుంటే వింటూనే ఉంటాం. ఆ ముసలమ్మ తొందరను బాబా కసురుకోలేదు. కూర్చోబెట్టి కథ చెప్పాడు.

మంటపం అంచున కూర్చుని ఫోన్ తీశాను. నా నాలుగు వాక్యాలు అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం న్యాయంగా తోచిన మాటలు ఇప్పుడు చదువుతుంటే ఎవరో పరాయివాడు రాసినట్టున్నాయి. తమ్ముడి మెసేజ్ కూడా మళ్లీ చదివాను. అందులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది, మొదటిసారి అది నా కంట పడలేదు. నేను రాసింది చెరిపేసి, వాడికి ఫోన్ చేశాను.

రెండు రింగుల తర్వాత ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే, “అన్నయ్యా, అన్నం తిన్నావా?” అన్నాడు.